గీత దాటని మాట

అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి సీజన్‌లో పత్రికలకు చేరే కబురు చాలా క్లుప్తంగా ఉంటుంది. ఆ రోజు యార్డుకు ఎన్ని దిమ్మలు వచ్చాయి, మొదటి రకం క్వింటా ఎంత పలికింది, రెండో రకం ఎంతకు పోయింది, మూడో రకం ఎంత. అంతవరకే. ధర ఎందుకు తగ్గిందో, రేపు ఏమవుతుందో అందులో ఉండదు. ఆ అంకెలనే నెలల తరబడి వరుసగా పేర్చి చుక్కలు కలిపితే గ్రాఫు అవుతుంది. ఆ గ్రాఫు చూసి ఇంగ్లీషులో ఒక పేరా రాయమంటే, అది మన పిల్లలకు బాగా తెలిసిన పరీక్ష ప్రశ్న. ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో పై-చార్టునో పట్టికనో పేరాగా మార్చమంటారు. విదేశాల్లో చదువుకోబోయేవారు రాసే ఐఈఎల్టీఎస్ అకడమిక్ పరీక్షలో రాత విభాగం మొదలయ్యేదే దీనితో. ఇరవై నిమిషాల్లో కనీసం 150 మాటలు రాయాలి. కారణాలు అడగరు, అభిప్రాయం అడగరు. బొమ్మలో ముఖ్యమైనవి ఏరి, పోల్చి చెప్పమంటారు. పైకి ఇది భాషకు పెట్టిన పరీక్ష. దాని అడుగున మాత్రం చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. కనిపించినదాన్ని కనిపించిన మేరకే చెప్పడం మనిషికి సాధ్యమా? సాధ్యమైతే అది కేవలం నేర్పా, లేక ధర్మమా? అది ధర్మమేననీ, మన పెద్దలు సత్యం అని పిలిచిన వ్రతాన్ని ఈ కాలంలో రోజూ ఆచరించడానికి దొరికిన నికరమైన సాధనాల్లో ఇదొకటనీ నా వాదం.

పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో యమాలు ఐదు చెప్పారు. అహింస తరవాత వచ్చేది సత్యం. దానికి వ్యాసుడి పేరుతో ఉన్న భాష్యం ఇచ్చిన వివరణ ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. మాటా మనసూ వస్తువుకు తగినట్టు ఉండడమే సత్యమనీ, చూసింది చూసినట్టు, ఊహించింది ఊహించినట్టు, విన్నది విన్నట్టు ఉండాలనీ దాని సారం. భాష్యకారుడు అక్కడితో ఆగలేదు. తనకు తెలిసింది ఎదుటివారికి అందించడానికే మాట పుట్టింది కాబట్టి దానికి మూడు దోషాలు అంటకూడదన్నాడు. ఆ మాట వంచించకూడదు, భ్రాంతిలో పుట్టకూడదు, విన్నవారికి ఏమీ బోధపడని నిష్ఫలమైన మాట కాకూడదు. ఆపైన మరో షరతు పెట్టాడు. ఆ మాట ప్రాణుల మేలు కోరి పలికినదై ఉండాలి. ప్రాణులకు చేటు తెచ్చేదైతే, పైకి ఎంత సత్యంలా ఉన్నా అది సత్యం కాదు. అబద్ధమాడవద్దన్న నిషేధం కంటే ఇది ఎంతో బరువైన నియమం. నోరు మూసుకుని కూర్చుంటే నిషేధాన్ని పాటించినట్టే అవుతుంది. ఈ నియమాన్ని పాటించాలంటే నోరు విప్పాలి, తెలిసిందాన్ని అవతలివారికి తెలిసేలా చేయాలి, ఏది ఎక్కణ్నుంచి తెలిసిందో మరచిపోకుండా చెప్పాలి. గ్రాఫును మాటల్లో పెట్టేవాడికి ఎదురయ్యే కష్టాలన్నీ ఈ నాలుగు షరతుల్లో ఇమిడి ఉన్నాయి.

గ్రాఫులో మనం నిజంగా చూసేది ఏమిటో ముందు తేల్చుకోవాలి. కంటికి ఆనేది గీత ఒక్కటే. అది ఇక్కడ లేచింది, అక్కడ వంగింది అన్నంతవరకే ప్రత్యక్షం. ఆ గీత వెనక బెల్లం ఉందనీ, రైతు ఉన్నాడనీ, ఫలానా నెలలో ఫలానా ధర పలికిందనీ మనకు తెలిసేది ఎవరో లెక్క రాసిపెట్టారు కాబట్టి. అంటే అది శబ్దప్రమాణం. నమ్మదగినవాడి మాటనే ప్రమాణంగా ఒప్పుకోవాలని న్యాయదర్శనం అంటుంది. కాబట్టి లెక్క ఎవరిది, ఏ సంవత్సరానిది, ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్నలు గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఉండిపోవాల్సినవి కావు. ఇక ధర పడిపోవడానికి సరుకు ఎక్కువ రావడమే కారణం అన్నామంటే మూడో ప్రమాణంలోకి, అనుమానంలోకి అడుగుపెట్టినట్టు. గీత ఆ మాట చెప్పలేదు, లెక్క రాసినవారూ చెప్పలేదు, మనం ఊహించాం. 1786లో విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండు వాణిజ్యపు లెక్కలను గీతలుగా గీసి అచ్చువేసినప్పటి నుంచి గ్రాఫు బలమూ ప్రమాదమూ ఒకటే. ఈ మూడింటినీ ఒక్క చూపులో కలిపేసి, అన్నీ కళ్లారా చూశామన్న ధీమా కలిగిస్తుంది. ఆ కలిసిపోయిన మూడింటినీ మళ్లీ విడదీసే పని మాటది. ‘గ్రాఫు చూపుతోంది’, ‘ఫలానా లెక్కల ప్రకారం’, ‘దీన్నిబట్టి అనిపిస్తోంది’ అనే మూడు రకాల వాక్యాలను ఇంగ్లీషు పాఠంలో అందం కోసం నేర్పుతున్నారనుకుంటాం. నిజానికి అవి చూసిందీ విన్నదీ ఊహించిందీ వేరువేరుగా ఉంచే గట్లు.

మొదటి దోషం వంచన. దేశంలో ఆరేళ్ల వయసు వరకు ఉన్న పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఎందరు ఆడపిల్లలున్నారో జనగణన చెబుతుంది. 1961లో 976, 1971లో 964, 1981లో 962, 1991లో 945, 2001లో 927, 2011లో 919. ఈ ఆరు అంకెలను సున్నా నుంచి వెయ్యి దాకా ఉన్న నిలువు గీటు మీద పెడితే దాదాపు చదునైన గీత వస్తుంది. 900 నుంచి మొదలయ్యే గీటు మీద పెడితే కొండ అంచు నుంచి జారిపడుతున్నట్టు ఉంటుంది. మొదటిది చూసి ‘స్వల్పంగా తగ్గింది’ అని రాసినా, రెండోది చూసి ‘దారుణంగా పడిపోయింది’ అని రాసినా రాసినవాడు అంకె మార్చలేదు. అయినా వాళ్లలో ఎవరూ చూసింది చెప్పలేదు. ఒకడు గీటు చెప్పమన్నది చెప్పాడు, ఇంకొకడూ అంతే. సత్యవాక్యం ఇలా ఉంటుంది: యాభై ఏళ్లలో ప్రతి జనగణనలోనూ నిష్పత్తి తగ్గింది, 1971-81 మధ్య తగ్గుదల రెండు మాత్రమే, ఆ తరవాతి రెండు దశాబ్దాల్లో వరుసగా 17, 18 తగ్గింది, చివరి దశాబ్దంలో ఆ వేగం ఎనిమిదికి మందగించింది. ఈ వాక్యంలో భయపెట్టే విశేషణం లేదు, జోకొట్టే విశేషణమూ లేదు. అయినా చదివినవారికి పరిమాణం తెలుస్తుంది. ఇంకా తెలియాలంటే మరో సంగతి చేర్చవచ్చు. 2011లో ఆ వయసు మగపిల్లలు సుమారు 8.57 కోట్లు. 1961 నాటి నిష్పత్తే నిలిచి ఉంటే మరో 48 లక్షలకు పైగా ఆడపిల్లలు ఉండేవారు. ‘స్వల్పంగా’ అన్న ఒక్క మాట ఆ 48 లక్షల మందిని కప్పేయగలదు. క్రియావిశేషణం ఎంచుకోవడం నీతికి సంబంధించిన పని అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రెండో దోషం భ్రాంతి. ఇందులో మోసగించాలన్న ఉద్దేశం ఉండదు, రాసేవాడే ముందు పొరబడతాడు. మన దేశంలో ఏడేళ్లు దాటిన స్త్రీలలో అక్షరాస్యత 2001లో 53.67 శాతం, 2011లో 64.64 శాతం. పెరుగుదల దాదాపు 11 శాతం అని పేరా నిండా రాసేస్తుంటారు. పెరిగింది 11 శాతం పాయింట్లు. మొదట ఉన్న దానితో పోలిస్తే పెరుగుదల 20 శాతం పైచిలుకు. ఈ తేడా తెలియని వాక్యం తప్పు చెబుతోందని రాసినవాడికీ తెలియదు, చదివినవాడికీ తెలియదు. ఇంతకన్నా లోతైన భ్రాంతి కారణం విషయంలో పుడుతుంది. అనకాపల్లి, చోడవరం ప్రాంతాల్లో చెరకు సాగు తగ్గుతూ వచ్చింది. అక్కడి తుమ్మపాల చక్కెర కర్మాగారం మూతపడింది. ఈ రెండు సంగతులనూ ఒకే కాగితం మీద పక్కపక్కన గీస్తే కంటికి రెండూ కలిసి దిగుతాయి. ఫ్యాక్టరీ ఆడకపోవడం వల్ల రైతు చెరకు మానేశాడా? చెరకు చాలక ఫ్యాక్టరీ ఆగిందా? కూలి ఖర్చు, చెరకు కన్నా తేలికగా పండే ఇతర పంటలు, పాత బకాయిలు, పట్నం వైపు వలస — వీటిలో ఏదైనా రెండింటినీ ఒకేసారి కిందికి లాగిందా? గీత దేనికీ సాక్ష్యం ఇవ్వదు. మొదటిది కారణమైతే ఫ్యాక్టరీ తెరవడం మందు, రెండోది కారణమైతే రైతుకు గిట్టుబాటు ధర మందు, మూడోదైతే ఈ రెండూ చాలవు. వర్ణన దగ్గర తొందరపడితే వైద్యం దగ్గర తప్పు జరుగుతుంది. ఐఈఎల్టీఎస్ ప్రశ్న కారణాలు అడగకపోవడంలో, అడిగినవారి ఉద్దేశం ఏదైనా, గొప్ప శిక్షణ ఉంది. మనసు కారణం వైపు పరుగెత్తబోయే ఆ క్షణాన్ని గమనించి ఆపడం అది నేర్పుతుంది.

మూడో దోషాన్ని చాలామంది దోషంగా గుర్తించరు. బొమ్మలోని ప్రతి అంకెనూ వరుసగా ఏకరువు పెట్టి, ఒక్కటీ తప్పు రాయలేదు కదా అని నిశ్చింతగా ఉండేవారున్నారు. భాష్యకారుడి లెక్కలో అదీ సత్యానికి లోటే, ఎందుకంటే చదివినవాడికి ఏమీ అందలేదు. పరీక్షలో కూడా మొత్తం మీద పోకడ ఏమిటో చెప్పే వాక్యం లేని జవాబుకు మంచి బ్యాండు స్కోరు రాదు. పరీక్ష హాలు బయట ఈ లోటు ఖరీదు ఎంత ఉండగలదో 1986 జనవరి చూపింది. చాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి ముందు రాత్రి, చలిలో రబ్బరు వలయాలు సరిగా పనిచేయవేమోనని ఇంజనీర్లు భయపడ్డారు. తమ దగ్గరున్న పట్టికలూ అంకెలూ పంపారు, ప్రయోగం ఆపమన్నారు. వారి మాట చివరికి నెగ్గలేదు. మర్నాడు, జనవరి 28న, ఏడుగురు చనిపోయారు. ఆ నిర్ణయం వెనక ఒత్తిళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే ఆ పటాల్లో చలికీ వలయాల దెబ్బకీ ఉన్న సంబంధం ఒక్కచోట స్పష్టంగా కనిపించేలా లేదని తరవాత పరిశీలించిన గ్రాఫుల నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఎత్తిచూపాడు. తెలిసినవారు నిజమే చెప్పారు, ఆ నిజం వినేవారికి బోధపడే రూపంలో చేరలేదు. అంకెలు అప్పజెప్పడంతో బాధ్యత తీరిపోదు. ఏది పెద్దదో, ఏది మారిందో, దేన్ని దేనితో పోల్చాలో చెప్పేదాకా సత్యం సగంలోనే ఆగి ఉంటుంది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. నాలుగు మార్కుల కోసం, వీసా కోసం రాసే పేరాకు ఇంత వేదాంతం ఎందుకు? కోచింగ్ సెంటర్‌లో నెల రోజులు కూర్చుంటే ‘షార్ప్‌లీ’, ‘స్టెడిలీ’, ‘డ్రమాటికల్లీ’, ‘ఫ్లక్చుయేటెడ్’ అనే మాటల జాబితా ఇస్తారు, వాటిని ఖాళీల్లో నింపితే సరిపోతుంది. నిజమే, చాలాచోట్ల జరుగుతున్నది అదే. సరిగ్గా అందుకే ఆందోళన చెందాలి. తన భాషలో ‘అమాంతం పెరిగింది’ అనే ముందు తెలుగు పిల్ల ఒక్క క్షణం తటపటాయిస్తుంది, ఎందుకంటే ఆ మాట బరువు ఆమెకు తెలుసు. జాబితా నుంచి ఏరిన పరాయి మాటకు ఆ తటపటాయింపు ఉండదు. పది రూపాయల పెరుగుదలకూ పదింతల పెరుగుదలకూ ఒకటే మాట పడిపోతుంది. ఆ అలవాటు పరీక్షతో ముగియదు. ఆ పిల్లలే రేపు పరవాడ ఫార్మా సిటీలో నాణ్యత నివేదికలు రాస్తారు, బ్యాంకుల్లో రుణాల పరిస్థితి రాస్తారు, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, అమెరికా ఆస్ట్రేలియా కంపెనీల్లో పటాల కింద పేరాలు రాస్తారు. భూగర్భజలంలో ఏదో ఒక రసాయనం పెరిగిన గీతను ‘కొద్దిపాటి హెచ్చుతగ్గులు’ అని రాయాలా, ‘వరుసగా మూడేళ్లు పెరిగింది’ అని రాయాలా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ నివేదిక చదివేవారిలో చాలామంది గీత చూడరు, పేరాయే చదువుతారు. అలాంటి చోట మాటకు కాపలా కాసే అలవాటు ఎప్పుడో ఒకప్పుడు చిన్న పని మీద నేర్చుకోవలసిందే. యమనియమాలు పెద్ద సందర్భాల కోసం దాచుకునేవి కావు, చిన్న పనుల్లో పాటిస్తేనే పెద్ద పనుల్లో నిలుస్తాయి.

రెండో ఆక్షేపణ గట్టిది, అది బౌద్ధ తర్కం నుంచి వస్తుంది. అనకాపల్లి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద భిక్షువులు రాయి తొలిచి స్తూపాలు మలిచారు. బౌద్ధం ఇలా ఆంధ్రదేశపు కొండల్లో వెలిగిన శతాబ్దాల్లోనే బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయం రాశాడు. వేంగికి దగ్గర్లోని ఒక కొండ మీద ఆయన హేతుశాస్త్రం రచించాడని 7వ శతాబ్దంలో ఇటు వచ్చిన చైనా యాత్రికుడు యువాన్ చువాంగ్ రాసిపెట్టాడు. దిఙ్నాగుడి దృష్టిలో ప్రత్యక్షానికి కల్పన అంటదు. పేరు పెట్టామా, జాతిగా గుణంగా విడదీశామా, అప్పుడే కల్పనలో అడుగుపెట్టినట్టు. ఆ లెక్కన మాటల్లో పెట్టిన ఏ గీతా చూసిన గీత కాదు. ఆడవాళ్ల అక్షరాస్యత పటాన్నే చూడండి. పదేళ్లలో స్త్రీపురుషుల మధ్య అంతరం 21.59 నుంచి 16.25 పాయింట్లకు తగ్గిందని ఒకరు రాయవచ్చు. 2011లో కూడా ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి అక్షరం రాదని ఇంకొకరు రాయవచ్చు. రెండూ ఆ పటంలోనివే. ఏది ఎంచుకున్నా మరొకటి నీడలోకి పోతుంది. మరి ఉన్నది ఉన్నట్టు చెప్పడమన్నది ఒట్టి భ్రమేనా? కాదని నా అభిప్రాయం. దిఙ్నాగుడు మాటను, అనుమానాన్ని ప్రమాణాల గుంపు నుంచి గెంటివేయలేదు. అనుమానం కూడా ప్రమాణమేనన్నాడు, శబ్దాన్ని అందులోనే చేర్చాడు. మాట ప్రత్యక్షం కాదని తెలుసుకుని వాడమన్నదే ఆయన పాఠం. ఎంపిక తప్పనిసరి, ఎంపికను దాచడం తప్పనిసరి కాదు. అంతరం తగ్గిందని రాసిన చేత్తోనే, ఎంత మిగిలిందో రాయవచ్చు. ఏ ఏడు నుంచి ఏ ఏడుకు పోల్చామో చెప్పవచ్చు. మొత్తం గీత పోకడ ముందు చెప్పి, తరవాత మనం ఎంచిన చోటు చూపవచ్చు. చదివినవాడు కావాలంటే వెనక్కి వెళ్లి గీతను తానే చూసుకోగలిగేలా ఆనవాళ్లు వదిలితే ఆ మాట అసంపూర్ణమైనా అసత్యం కాదు. పూర్తిగా చెప్పలేకపోవడం మనిషి పరిమితి. చెప్పనిదాన్ని లేనట్టు చూపడం దోషం. ఈ రెండింటికీ మధ్య ఉన్న చోటులోనే మనకు సత్యం సాధ్యపడుతుంది.

మూడో ఆక్షేపణ హృదయానిది. రైతు మునిగిపోతుంటే ‘ధర తగ్గుముఖం పట్టింది’ అని రాసి కలం మూసేయడం సత్యవ్రతమా, నిర్దయా? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎస్‌ఈజెడ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ప్రమాదాల పటంలో అది ఒక కమ్మీ ఎత్తు పెరగడమే. ఆ కమ్మీని నిర్వికారంగా వర్ణించడం మనిషితనానికి తగునా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. తటస్థత మాటున బాధ్యత తప్పించుకున్న నివేదికలు లోకంలో తక్కువేమీ కాదు. భాష్యకారుడు ప్రాణుల మేలును సత్యానికి షరతు చేసింది అందుకే. ఆ షరతు కారణాన్ని వెతకవద్దని చెప్పదు, తప్పకుండా వెతకమంటుంది. ఏది ముందు, ఏది తరవాత అన్న క్రమం మాత్రం ముఖ్యం. ఎందరు చనిపోయారు, ఏ ఏళ్లలో, ఏ రకం పరిశ్రమల్లో, ఎంతమంది పనిచేసేచోట అన్నది ముందు కల్మషం లేకుండా నిలబెట్టాలి. ఆ తరవాత, ఇది ఊహ అని ఒప్పుకుంటూ, దానికి ఆధారం చూపుతూ, కారణం చెప్పాలి. కోపంతో మొదటి భాగాన్ని వంచితే, రెండో భాగాన్ని కొట్టివేయడానికి అవతలివారికి సందు దొరుకుతుంది. అంకెను పెంచి చెప్పారని ఒక్కచోట రుజువైతే బాధితుల పక్షాన చెప్పిన నిజమంతా అనుమానం పాలవుతుంది. వర్ణనలో నిగ్రహం బాధితుడికి చేసే ద్రోహం కాదు, అతని తరఫు వాదనకు పునాది. దయ ఉన్నవాడే ముందు లెక్క సరిగా చూస్తాడు.

కాబట్టి ఈ చిన్న పేరాను బోధించే తీరు మారాలి. మాటల జాబితా కంటే ముందు పిల్లల చేతికి ఒక ప్రశ్న ఇవ్వాలి. నువ్వు రాసిన ప్రతి వాక్యానికీ, ఇది చూశావా, విన్నావా, ఊహించావా? చూసిందైతే గీత మీద వేలు పెట్టి చూపించు. విన్నదైతే ఎవరి లెక్కో రాయి. ఊహించిందైతే ఊహ అని చెప్పు, లేదా పక్కన పెట్టు. ఈ సాధన మొదట తెలుగులో చేయించాలి, మన మార్కెట్ ధరల మీద, మన వానల లెక్క మీద, మన మండలాల జనగణన మీద చేయించాలి. మాట బరువు తెలిసిన భాషలో నిగ్రహం అలవడితే అది ఇంగ్లీషులోకి దానంతటదే వెంట వస్తుంది, అప్పుడు ‘డ్రమాటికల్లీ’ అన్న మాట దానికి తగిన గీత దగ్గరే పడుతుంది. బెల్లం యార్డు కబురు రాసేవారు దిమ్మల సంఖ్య, రకం, ధర దగ్గర ఆగడంలో ఈ క్రమశిక్షణ ఇప్పటికే ఉంది. దానికి పోలికనూ, పోకడనూ, ఊహను ఊహగా చెప్పే నిజాయితీనీ చేర్చితే సరిపోతుంది. దేశాన్ని నడిపే నిర్ణయాలు చాలావరకు ఇవాళ పటాల మీద, వాటి కింద రాసిన నాలుగు వాక్యాల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ నాలుగు వాక్యాలు రాసేవారిలో మన పిల్లలు వేల మంది ఉన్నారు, ముందు ముందు ఇంకా ఎక్కువమంది ఉంటారు. వాళ్లు మార్కులతో పాటు ఈ వ్రతాన్ని కూడా నేర్చుకుని వెళ్తే, వాళ్ల మాట మీద ఆధారపడిన మనుషులు, వాళ్లెవరో ఎన్నడూ తెలియనివారు సైతం, మోసపోకుండా ఉంటారు.